మావయ్య తెచ్చిన బోరు నీళ్లు: రసాయనం మనిషి కణాన్ని ఎంత దెబ్బతీస్తుందో చూసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

కవిటి నుంచి మా మావయ్య ఎప్పుడొచ్చినా సంచిలో జీడిపప్పు, నాలుగు కొబ్బరికాయలు ఉంటాయి. ఆ రోజు వాటి మధ్య నుంచి తువ్వాలులో చుట్టిన కూల్‌డ్రింకు సీసా ఒకటి తీశాడు. నిండా నీళ్లు.

"మా పాత బోరు నీల్లు రా అల్లుడూ. మనిసి కణాల మీద మందులు పోసి సూస్తావంట గదా. ఇయ్యి కూడా పోసి, ఏటవుతాదో సెప్పు."

మావయ్యకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే పెరిగే పదార్థం) ఎక్కువగా ఉందని తేలి అప్పటికి రెండేళ్లయింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఊరికెళ్లినా కిడ్నీ జబ్బు మాట వినపడుతుంది. నీళ్లంటారు, పురుగుమందులంటారు, ఎండలో చెమటోడ్చే పనంటారు, నొప్పి మాత్రలంటారు, వంశంలోనే ఉందంటారు. ఇదీ అని ఒక్క కారణం ఇంతవరకు తేలలేదు. మావయ్య అడిగింది చిన్న సాయమే. దాన్ని సరిగ్గా చేయాలంటే ఎన్ని మెట్లెక్కాలో చెప్పడానికి ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఎంఎస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలకు నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లకు, "ఫలానా రసాయనం కణాలను చంపుతోంది" అని పేపర్లో చూసినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు ప్రశ్నను కుదించుకోండి

"ఈ నీళ్లు విషమా?" అంటే ఏ ప్లేటూ (చిన్న చిన్న గుంటల్లో కణాలు పెంచే పళ్లెం) జవాబు చెప్పదు. "ఈ పదార్థం, ఇంత మోతాదులో, ఇన్ని గంటలు తగిలితే, కిడ్నీ గొట్టాల కణాల్లో ఎంత శాతం బతుకుతాయి, దేనితో పోలిస్తే?" అని అడిగితే చెబుతుంది. ఆ చివరి "దేనితో పోలిస్తే" అన్నదే అసలు పరీక్ష. మిగతాదంతా చేతిపని.

మావయ్య చెప్పినట్టు నీళ్లు పోసేస్తే ఏమవుతుందో చూడండి. కణాలు బతికేది ఉప్పు, చక్కెర, అమైనో ఆమ్లాలు కలిసిన మీడియంలో. దాని గాఢత మన రక్తానికి దగ్గరగా, లీటరుకు సుమారు 280 నుంచి 300 మిల్లీఆస్మోల్స్ ఉంటుంది. మామూలు నీళ్లు పోస్తే కణం లోపలికి నీరు చొరబడి ఉబ్బి పగులుతుంది. ఉద్దానం బోరు నీళ్లకైనా, ల్యాబులో శుద్ధి చేసిన నీళ్లకైనా అదే గతి. అప్పుడు "ఉద్దానం నీళ్లు కణాలను చంపాయి" అని రాస్తే అక్షరాలా నిజమే, కానీ అర్థం సున్నా.

దీనికి ఒక ఉపాయం ఉంది. మీడియం పొడి రూపంలో దొరుకుతుంది. ఆ పొడిని శుద్ధ జలంలో కాకుండా పరీక్షించాల్సిన నీళ్లలోనే కలపాలి. పక్కనే అదే పొడిని శుద్ధ జలంలో కలిపి ఒక కంట్రోల్ (పోల్చి చూడటానికి పెట్టుకునేది), ఉప్పులూ కాఠిన్యమూ దాదాపు అంతే ఉండి జబ్బు లేని ఊరి నీళ్లలో కలిపి మరో కంట్రోల్. ఇక్కడో మెలిక ఉంది. క్రిములు పోవడానికి 0.22 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టక తప్పదు, వడకడితే నీళ్లలోని సన్నటి రేణువులు కూడా పోతాయి. అనుమానం సిలికా రేణువుల మీదే ఉంటే, అనుమానితుణ్ణి గుమ్మంలోనే ఆపేసి లోపల దొంగ లేడన్నట్టవుతుంది. దాన్ని వేరే ప్రయోగంగా చూసుకోవాలి.

ఏ కణాలు

కిడ్నీ ప్రశ్నకు ఎక్కువమంది వాడేవి హెచ్‌కే-2 కణాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలోని గొట్టాల కణాలను, ఆగకుండా పెరిగేలా వైరస్ జన్యువులు చేర్చి తయారు చేసిన వంశం ఇది. 1994లో వెలువడింది. లివరుకు హెప్‌జీ2 వాడతారు. మన దేశంలో కణాలు పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. పక్క ల్యాబులో స్నేహితుడి దగ్గర చిన్న సీసాలో అడిగి తెచ్చుకోవడం మనలో మామూలే. దయచేసి మానుకోండి. 1951లో ఒక క్యాన్సరు రోగి నుంచి తీసిన, ఆగకుండా పెరిగే హీలా కణాలు ప్రపంచమంతా ఎన్నో కల్చర్లలోకి చొరబడి అసలు కణాల స్థానం ఆక్రమించిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. పేరు కిడ్నీదై, లోపలున్నది వేరేదైతే ఆరు నెలల పని బూడిదలో పోసిన పన్నీరే. కణాల డీఎన్ఏ గుర్తింపు పరీక్ష ఒకసారి, మైకోప్లాస్మా (కల్చర్లలో దూరే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష తరచూ చేయించాలి. మైకోప్లాస్మా మామూలు మైక్రోస్కోపులో కనపడదు, మీడియాన్ని మసకబార్చదు. మన కొలతలను మాత్రం చడీచప్పుడు లేకుండా తారుమారు చేస్తుంది.

ప్రతి కణ వంశానికీ ఒక లోటుంటుంది. అది తెలియకుండా దిగకూడదు. పారాసెటమాల్ తీసుకోండి. లివరును దెబ్బతీసేది నేరుగా ఆ మందు కాదు, లివరు ఎంజైములు దాన్ని మార్చినప్పుడు పుట్టే ఎన్ఏపీక్యూఐ అనే పదార్థం. హెప్‌జీ2లో ఆ ఎంజైములు చాలా తక్కువ. అందుకే ఆ కణాలు పారాసెటమాల్‌ను మిల్లీమోలార్ల (గాఢతకు కొలత, ఇక్కడ చాలా పెద్ద మోతాదు) కొద్దీ తట్టుకుంటాయి. మావయ్య కిడ్నీ రక్తంలోంచి కొన్ని మందులను లాగడానికి ఓఏటీ1, ఓఏటీ3 అనే ద్వారాలు వాడుతుంది, హెచ్‌కే-2లో అవి దాదాపు లేవు. ఆ ద్వారం గుండా వచ్చే విషానికి హెచ్‌కే-2 తలుపు మూసి ఉన్న ఇల్లు. "ఏమీ కాలేదు" అని ఫలితం వచ్చినప్పుడు మొదట అడగాల్సింది, అసలు లోపలికి వెళ్లిందా అని.

రసాయనం సంగతి, నేను బోల్తాపడ్డ చోటు

నేను చదువుకునే రోజుల్లో గడ్డిమందు మీద పని మొదలుపెట్టాను. గ్లైఫోసేట్, శుద్ధమైన పొడి. లీటరుకు 169 మిల్లీగ్రాములు కలిపితే 1 మిల్లీమోలార్. నేను ఉత్సాహంగా 20 మిల్లీమోలార్ దాకా వెళ్లాను. మర్నాటికి పై మోతాదుల్లో కణాలన్నీ గుండ్రంగా ముడుచుకుని గుంట నేల వదిలి తేలుతున్నాయి. ఉద్దానం రహస్యం దొరికిందనే అనుకున్నాను. మా సీనియర్ అక్కను పిలిచి చూపించాను. ఆమె మైక్రోస్కోపు దగ్గరికి కూడా రాలేదు. ప్లేటు పైకెత్తి లైటు వైపు పట్టింది.

"రంగు చూశావా?"

మీడియంలో ఫినాల్ రెడ్ అనే రంగు ఉంటుంది. పీహెచ్ 7.4 దగ్గర ఎర్రగా, ఆమ్లం పెరిగితే పసుపుగా మారుతుంది. నా పై మోతాదు గుంటలన్నీ నిమ్మకాయ పసుపు. గ్లైఫోసేట్ ఆమ్లం. నేను సరిచేయకుండా కలిపాను. కణాలను చంపింది పులుపు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో పీహెచ్ సరిచేసి కొత్త కణాలతో మళ్లీ చేస్తే ఆ మోతాదుల్లోనే చాలా కణాలు నిలబడ్డాయి. ఆ పసుపు రంగు ఇప్పటికీ కళ్లలో ఉంది. మీడియంలో ఏ రసాయనం కలిపినా మొదట రంగు చూడండి, తర్వాత పీహెచ్ కొలవండి, పెద్ద మోతాదైతే ఆస్మోలాలిటీ (కరిగినవాటి మొత్తం గాఢత) కూడా.

తర్వాత ద్రావకం. నీళ్లలో కరగనివాటికి డీఎంఎస్‌ఓ వాడతాం. అది కూడా విషమే, మోతాదు దాటితే. చివరి మీడియంలో 0.1 శాతం దగ్గర ఉంచితే మంచిది, 0.5 దాటకూడదు. ఏ మోతాదు గుంటలోనైనా డీఎంఎస్‌ఓ సమానంగా ఉండాలి. పెద్ద మోతాదులో ఎక్కువ, చిన్న మోతాదులో తక్కువ పోసి, మోతాదు పెరిగేకొద్దీ కణాలు చస్తున్నాయని మురిసిపోయినవాళ్లను చూశాను. కలిపాక మైక్రోస్కోపులో చూడండి. సూదుల్లాంటి స్ఫటికాలు కనపడితే రసాయనం కరగలేదు, అడుగున పడింది. మీరు రాసుకున్న మోతాదు కాగితం మీదే ఉంది.

ఇంకో చిక్కు, ఏ రూపం పరీక్షించాలన్నది. రైతు కొట్టేది శుద్ధ గ్లైఫోసేట్ కాదు, డబ్బాలోని మందు. అందులో ఆకుకు అంటుకుని పాకడానికి సబ్బులాంటి పదార్థాలు కలుపుతారు. కణాల పొర కొవ్వుతో చేసింది, సబ్బు దాని మీద చూపించే ప్రతాపం వేరే చెప్పాలా? కణాల ప్రయోగాల్లో డబ్బా మందు శుద్ధ రసాయనం కన్నా చాలా తక్కువ మోతాదుకే చంపుతుందని పదేపదే తేలింది. కాబట్టి మూడూ చేయాలి: శుద్ధ రసాయనం, డబ్బా మందు, వీలైతే ఆ సబ్బు పదార్థం ఒక్కటీ. లేకపోతే సబ్బు చేసిన పాపం గ్లైఫోసేట్ నెత్తిన పడుతుంది, లేదా గ్లైఫోసేట్‌ను వదిలేసి డబ్బాకు క్లీన్ చిట్ ఇచ్చేస్తాం. అయితే సబ్బు ఒంట్లోకి వెళ్లి రక్తంలో అంత గాఢతలో ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. చివర్లో మళ్లీ వస్తాను.

మోతాదుల మెట్లు

మొదటి ప్రయోగం వేట లాంటిది. పదింతల చొప్పున దిగండి: 10 మిల్లీమోలార్, 1, 0.1, 0.01... ఎక్కడ మొత్తం చస్తున్నాయో, ఎక్కడ ఏమీ కావడం లేదో దొరుకుతుంది. రెండో ప్రయోగంలో ఆ రెంటి మధ్య సగం మెట్లు వేయండి: 10, 3.16, 1, 0.316, 0.1, 0.0316. ప్రతిదీ ముందుదానిలో సుమారు మూడో వంతు. కనీసం ఒక మెట్టు కంట్రోల్‌తో సమానంగా ఉండాలి, కనీసం రెండు మెట్లు ఏటవాలు మీద పడాలి. అన్నీ పైనే ఉన్నా, అన్నీ కిందే ఉన్నా గీత గీయలేం.

ఒక చిన్న పొరపాటు ప్రతి ఏడూ కొత్తవాళ్లు చేస్తారు. గుంటలో 100 మైక్రోలీటర్ల మీడియం ఉండగా దాని మీద ఇంకో 100 మైక్రోలీటర్ల మందు పోస్తే గాఢత సగమైపోతుంది. పాత మీడియం తీసేసి పోయండి, లేదా రెట్టింపు గాఢతలో తయారు చేసుకోండి.

ప్లేటు వేయడం

కణాలు ఫ్లాస్కు నేలను ముప్పాతిక వంతు కప్పినప్పుడు తీయాలి. నిండిపోయేదాకా ఆగితే వాటి తీరు మారుతుంది. ఫాస్ఫేట్ బఫరుతో కడిగి, కణాలను నేల నుంచి విడదీసే ట్రిప్సిన్ అనే ఎంజైము వేసి, 37 డిగ్రీల దగ్గర రెండు మూడు నిమిషాలు ఉంచి, ఫ్లాస్కు పక్కన అరచేత్తో మెల్లగా తట్టండి. ఇసుక జారినట్టు జారతాయి. వెంటనే సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఉన్న మీడియం పోసి ట్రిప్సిన్‌ను ఆపాలి. ఫోను వచ్చిందని బయటికెళ్లి పది నిమిషాలు మాట్లాడి వస్తే కణాల పైనున్న ప్రొటీన్లను ట్రిప్సిన్ నమిలేస్తుంది.

లెక్కపెట్టాలి. కొద్దిగా తీసి, అంతే ట్రిపాన్ బ్లూ కలిపి, గడులు గీసిన లెక్క గాజు మీద వేసి మైక్రోస్కోపులో చూడండి. చచ్చినవి నీలమవుతాయి, బతికినవి రంగు పీల్చవు. నాలుగు మూలల గడుల్లో బతికినవి సగటున 50 ఉన్నాయనుకోండి. 50ని రంగు కలిపినందుకు 2తో, గాజు లెక్క ప్రకారం 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకు 10 లక్షలు. మనకు గుంటకు 100 మైక్రోలీటర్లలో 10,000 కణాలు కావాలి, అంటే మిల్లీలీటరుకు లక్ష. కాబట్టి పది వంతుల్లో ఒక వంతు: 0.7 మిల్లీలీటర్ల కణాలు, 6.3 మిల్లీలీటర్ల మీడియం. నీలమైనవి నూటికి పది దాటితే ఆ రోజు ప్రయోగం వద్దు. ఆ కణాలు ముందే అలిసి ఉన్నాయి.

96 గుంటల ప్లేటులో చుట్టూ అంచున ఉండేవి 36. అంచు గుంటల్లో నీరు త్వరగా ఆవిరవుతుంది, మందు దానంతటదే చిక్కబడుతుంది. మన వేసవిలో కరెంటు పోయి ఇంక్యుబేటరులో తేమ పళ్లెం ఎండితే ఇక చెప్పక్కర్లేదు. అంచున కణాలు వేయకుండా ఉత్త బఫరు నింపండి. లోపలి 60 గుంటలు ఆరు వరుసలు, పది నిలువులు. నేను వాటిని ఇలా పంచుతాను: ఒక నిలువు కణాలు లేని మీడియం, ఒకటి ఏమీ తగలని కణాలు, ఒకటి ద్రావకం మాత్రమే తగిలినవి, ఒకటి చస్తాయని ఖాయంగా తెలిసినవి, మిగతా ఆరు నిలువులు ఆరు మోతాదులు. ప్రతిదానికీ ఆరు గుంటలు. ఖాయంగా చంపడానికి కిడ్నీ కణాలకు కాడ్మియం క్లోరైడ్ బాగా పనికొస్తుంది. అది కూడా చంపకపోతే మన పరీక్షే పనిచేయడం లేదని అర్థం. "మా రసాయనం సురక్షితం" అని చెప్పే కాగితాల్లో నేను మొదట వెతికేది ఈ నిలువునే.

పోసేటప్పుడు కణాల గొట్టాన్ని నాలుగు గుంటలకొకసారి కదపండి. కణాలు బరువు, అడుగుకు దిగుతాయి. కదపకపోతే నిలువుకూ నిలువుకూ కణాల లెక్క మారిపోతుంది. పోశాక ప్లేటును గుండ్రంగా తిప్పకండి, పప్పు చాటలో చెరిగినట్టు అన్నీ మధ్యకు చేరతాయి. పావుగంట బల్ల మీద కదలకుండా ఉంచి, తర్వాత 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటరులో 24 గంటలు. కణాలు నేలకు అంటుకుని స్థిమితపడ్డాకే మందు.

మందు తగిలించే సమయం మామూలుగా 24, 48, 72 గంటలు. రోజూ ఒకే సమయానికి మైక్రోస్కోపులో చూసి ఫొటో తీయండి. యంత్రం అంకె ఇస్తుంది, కన్ను కారణం చెబుతుంది.

బతికినవెన్ని: ఎంటీటీ

1983లో మోస్మన్ ప్రచురించిన ఈ పద్ధతి ఇప్పటికీ ప్రతి ల్యాబులో ఉంది. ఎంటీటీ పసుపు రంగు పొడి. బతికున్న కణం దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది, చచ్చింది మార్చలేదు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల ద్రావణం చేసి, ప్రతి 100 మైక్రోలీటర్ల మీడియానికి 10 మైక్రోలీటర్లు పోయండి. వెలుతురు తగలకుండా మూడు నాలుగు గంటలు. మైక్రోస్కోపులో చూస్తే కణాల మీద ఊదారంగు ముళ్లు మొలిచినట్టుంటాయి. మీడియం మెల్లగా తీసేసి (ఇక్కడే స్ఫటికాలు కూడా పీల్చేసి అందరూ ఏడుస్తారు, గుంట గోడకు ఆనించి తీయండి), 100 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ వేసి పది నిమిషాలు ఊపితే చక్కటి ఊదా ద్రావణం. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 570 నానోమీటర్ల కాంతి దగ్గర కొలవాలి.

ఎంటీటీ నిజానికి ప్రాణాన్ని కొలవదు, కణం ఎంత చురుగ్గా శక్తి ఖర్చు పెడుతోందో కొలుస్తుంది. కణం చావకుండా మందగించినా రంగు తగ్గుతుంది. ఇంకో మోసం కూడా ఉంది. కొన్ని రసాయనాలు కణాలతో పనిలేకుండా తామే ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. విటమిన్ సి అలాంటిదే, ఫినాల్స్ ఎక్కువున్న ఆకు కషాయాలు, తొక్కల సారాలు కూడా. మన వైపు పిల్లలు పలాస జీడి మీదో, గిరిజన ప్రాంతపు మూలికల మీదో ప్రాజెక్టు పెట్టుకుని "మా సారం వేస్తే 140 శాతం కణాలు బతికాయి" అని సంబరపడుతుంటారు. కణాలు లేని గుంటలో ఆ సారం, ఎంటీటీ కలిపి నాలుగు గంటలాగండి. అక్కడా ఊదా అయితే సంబరం అక్కడితో సరి.

రెండో సాక్షి

ఒక్క పరీక్షను నమ్మి తీర్పు చెప్పకూడదు. వేరే దారిలో పనిచేసే రెండోది కావాలి. కణం పొర చిరిగితే లోపలున్న ఎల్‌డీహెచ్ అనే ఎంజైము మీడియంలోకి కారుతుంది, దాన్ని కొలవొచ్చు. ట్రైటాన్ వేసి కణాలన్నిటినీ పగలగొట్టిన గుంటను 100 శాతంగా తీసుకుంటాం. సీరంలో కూడా ఎల్‌డీహెచ్ ఉంటుంది కనుక ఆ మేరకు తీసేయాలి. న్యూట్రల్ రెడ్ ఇంకో దారి: బతికున్న కణం ఆ ఎర్ర రంగును లోపలి లైసోజోములనే చిన్న సంచుల్లో దాచుకుంటుంది. ఎంటీటీ పడిపోయి, ఎల్‌డీహెచ్ పెరగకపోతే కణం చావకుండా నీరసపడి ఉండొచ్చు. రెండూ ఒకే మాట చెబితే నిశ్చింత.

ఎలా చచ్చాయి

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కూలిన కొబ్బరిచెట్లు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గాలికి విరిగిన చెట్టు పక్కింటి పెంకుల మీద పడుతుంది, తీగలు తెంపుతుంది. ముదిరిన చెట్టును మనమే తాళ్లు కట్టి, మట్టలు దించి, ముక్కలుగా కోయిస్తే పక్కవాడికి తెలియను కూడా తెలియదు. కణానికీ రెండు రకాల చావులున్నాయి. పగిలిపోవడం నెక్రోసిస్, లోపలున్నదంతా చిమ్మి చుట్టూ వాపు తెస్తుంది. తనను తాను పద్ధతిగా విప్పేసుకోవడం అపోప్టోసిస్.

వేరు చేయడానికి అనెక్సిన్, ప్రొపీడియం అయోడైడ్ అని రెండు మెరిసే రంగులు వాడతారు. విప్పుకుంటున్న కణం పొరలో లోపలి వైపుండే ఒక కొవ్వు బయటికి తిరుగుతుంది, చొక్కా తిరగేసినట్టు. అనెక్సిన్ దానికి అంటుకుంటుంది. పొర చిరిగితేనే ప్రొపీడియం లోపలికెళ్లి డీఎన్ఏను పట్టుకుంటుంది. మొదటిది మాత్రమే వెలిగితే అపోప్టోసిస్ మొదలైనట్టు. రెండూ వెలిగితే ఆలస్యంగా చూశారు, ఏ దారిన వచ్చిందో చెప్పలేం. అందుకే 24 గంటల దగ్గర ఒక్కసారే కాక 4, 8, 12 గంటల దగ్గర కూడా చూడాలి.

చావని కణాలకు కూడా గాయం ఉండొచ్చు. డీఎన్ఏ తెగిందా అని చూడటానికి తోకచుక్క పరీక్ష ఉంది. కణాలను అగరోజ్ జెల్‌లో పొదిగి, పొరలు కరిగించి, కరెంటు పెడితే తెగిన డీఎన్ఏ ముక్కలు తోకలా సాగుతాయి. ఆరోగ్యంగా ఉన్నది గుండ్రటి చందమామ, దెబ్బతిన్నది తోకచుక్క. ఇప్పుడు అందరూ వాడే క్షార పద్ధతి 1988 నుంచి ఉంది. ఇందులో జాగ్రత్త: సగం కణాలు చచ్చిపోతున్న మోతాదులో ఈ పరీక్ష చేస్తే తోకలే తోకలు, ఎందుకంటే చస్తున్న కణం డీఎన్ఏ ఎలాగూ ముక్కలవుతుంది. బతుకుదల 75, 80 శాతం పైనున్న మోతాదుల్లోనే చూడాలి. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో పనికి వెళ్లాలనుకునే పిల్లలకు ఈ భాగం అన్నం పెడుతుంది. మందుల్లో డీఎన్ఏను మార్చగల మలినం జీవితాంతం వాడే మందుకైతే మామూలుగా రోజుకు 1.5 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ నియమం.

లెక్క

కణాలు లేని గుంట అంకె 0.06, ద్రావకం తగిలినవి 0.86, మందు తగిలినవి 0.46 అనుకుందాం. 0.46లోంచి 0.06 తీస్తే 0.40. 0.86లోంచి తీస్తే 0.80. సగం, అంటే 50 శాతం. సగం కణాలు మిగిలిన ఆ మోతాదే ఐసీ50. మోతాదును లాగరిథంలో అడ్డంగా, శాతాన్ని నిలువుగా వేసి గీత కలిపితే ఎస్ ఆకారం వస్తుంది, దాన్నుంచి తీస్తాం.

ఒకే ప్లేటులోని ఆరు గుంటలు ఆరు ప్రయోగాలు కావు. ఒకే కుండలోని అన్నాన్ని ఆరు పళ్లేల్లో పెట్టి ఆరిళ్లలో రుచి చూశానన్నట్టు ఉంటుంది. వేరు వేరు రోజుల్లో, తాజాగా కలిపిన మందుతో, కనీసం మూడుసార్లు చేస్తేనే మూడు.

గుంట నుంచి ఒంట్లోకి

ఇక్కడికొచ్చేసరికి చాలా ప్రాజెక్టులు అయిపోతాయి. నా దృష్టిలో అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. ఐసీ50 వచ్చాక అడగాల్సింది, ఇంత గాఢత మనిషి రక్తంలో ఎప్పుడైనా ఉంటుందా అని. గడ్డిమందు కొట్టే ట్యాంకులోని గాఢతకు, రైతు రక్తంలోని గాఢతకు ఎంతో దూరం. ట్యాంకు గాఢతలో కణాలు చచ్చాయంటే, ట్యాంకులో ఎవరూ ఈదకూడదని మాత్రమే తెలుస్తుంది. రక్తంలో చాలా మందులు ప్రొటీన్లకు అంటుకుని ఉంటాయి, విడిగా ఉన్న భాగమే కణంలోకి వెళ్తుంది. గుంటలో 10 శాతం సీరమే ఉంటుంది కనుక అక్కడ విడి భాగం ఎక్కువ. ఈ సవరణ చేయకుండా పోల్చకూడదు.

అలాగని చిన్న అంకె చూసి ధీమా పడకూడదు. కాడ్మియం చూడండి. గుంటలో ఒక రోజులో కిడ్నీ కణాలను చంపాలంటే మామూలుగా మైక్రోమోలార్లు పదుల్లో కావాలి. తాగునీటికి మన భారత ప్రమాణం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు, అంటే 0.03 మైక్రోమోలార్ కన్నా తక్కువ. వెయ్యో వంతు! అయితే ఈ ప్రమాణం ఎందుకింత కఠినం? కాడ్మియం కిడ్నీలో చేరి దశాబ్దాలు కదలదు, రోజూ కొంచెం కొంచెం పేరుకుంటుంది. జపాన్‌లో జింజూ నది నీళ్లతో పండిన బియ్యం తిన్నవాళ్లకు వచ్చిన ఇటాయ్-ఇటాయ్ జబ్బు అలా వచ్చిందే. 24 గంటల ప్లేటుకు ఆ సంగతి కనపడదు.

మావయ్య సీసా నీళ్లతో మీడియం కలిపి చేశాను. 24 గంటల్లోనూ, 72 గంటల్లోనూ శుద్ధ జలపు కంట్రోల్‌కూ దానికీ తేడా రాలేదు. ఫోనులో చెప్పాను.

"అయితే మంచి నీల్లేనంతావా?"

"అలా అనలేదు మావయ్యా. మూడ్రోజుల్లో చంపలేదన్నాను."

"నానూ మూడ్రోజుల్లో పడిపోలేదు గదరా."

ఆ మాటకు తగ్గ ప్రయోగం వేరే ఉంది. నేలంతా నిండాక పెరగడం ఆపి వారాల తరబడి నిలిచే కిడ్నీ కణ వంశాలున్నాయి, ఆర్‌పీటెక్-టెర్ట్1 లాంటివి. వాటికి రెండు మూడు రోజులకొకసారి చిన్న మోతాదుతో మీడియం మారుస్తూ నెలా రెండు నెలలు నడపాలి. చావు కోసం కాక, దెబ్బతిన్న గొట్టం కణం బయటపెట్టే కిమ్-1 లాంటి ప్రొటీన్ల కోసం చూడాలి. రెండు మూడు పదార్థాలు కలిపి కూడా చూడాలి, ఎందుకంటే రైతు ఒంట్లోకి నీళ్లు, మందు, నొప్పి మాత్ర, ఎండ విడివిడిగా రావు. ఖర్చూ ఓపికా కావాలి. ఇంతా చేసి కణాలు దెబ్బతిన్నా, అది ఊళ్లో జబ్బుకు కారణమని రుజువు కాదు. దానికి మనుషుల రక్తం, మూత్రం, ఇళ్లు, పొలాలు తిరిగి చేసే అధ్యయనం కావాలి. కణాలు చెప్పగలిగింది, ఇలా జరిగే వీలుందా లేదా అన్నంత వరకే.

రాసేటప్పుడు, మళ్లీ చేసేటప్పుడు

రిపోర్టులో కణాల పేరు, ఎన్నోసారి కొత్త ఫ్లాస్కులోకి మార్చినవి, రసాయనం శుద్ధి శాతం, ద్రావకం ఎంత, పీహెచ్, గంటలు, ఎన్ని రోజుల ప్రయోగాలు, కాడ్మియం నిలువు ఏమంది, అన్నీ ఉండాలి. చావని ఫలితం కూడా రాయాలి. మావయ్య నీళ్ల ఫలితాన్ని మాత్రం నేను ఏ రిపోర్టులోనూ రాయలేదు, ఆ నమూనానే నమ్మదగింది కాదు. కూల్‌డ్రింకు సీసా, అందులో ముందేముందో తెలియదు. పట్టిన తేదీ లేదు. దారిలో ఎండలో ఎన్ని గంటలుందో తెలియదు.

రెండోసారి నేనే వెళ్లాను. ఇప్పుడు ఇంటికి హిరమండలం రిజర్వాయరు నీళ్లు కుళాయిలో వస్తున్నాయి, పాత బోరు గొడ్లకూ గిన్నెలకూ మాత్రమే. గొట్టంలో నిలిచినవి పోవడానికి పది నిమిషాలు కొట్టాలన్నాను. మావయ్యను కూర్చోబెట్టి నేనే కొట్టాను. ఆమ్లంతో కడిగి ఆరబెట్టిన సీసాలు రెండు పట్టాను. లోహాలు కొలిపించే సీసాలో అవి గోడకు అంటుకోకుండా కొంచెం నైట్రిక్ ఆసిడ్ వేసి, మూతకు ఎర్ర టేపు చుట్టాను, ల్యాబులో ఎవరూ పొరపాటున దాన్ని కణాల మీద పోయకుండా. రెండోదానికి ఏమీ వేయకుండా ఐసు పెట్టెలో దించి, తేదీ, సమయం, బోరు లోతు మావయ్యను అడిగి లేబులు మీద రాసుకున్నాను.